వేళ్ళ దాకా రాని ఫోటో

ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా రుజువు దొరికేదాకా నాకు అన్నం సహించేది కాదు. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, రోజూ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో వచ్చి, ఒక ఇంటి ముందుగదిలోని ఇంటర్నెట్ సెంటర్‌ను నడిపేవాణ్ని. ఫోను లైను మీదే నెట్ నడిపే మోడెం డబ్బా మీద సెకనుకు యాభై ఆరు వేల బిట్లని ఉండేది. మా కంప్యూటర్ మాత్రం ఇరవై నాలుగు వేలు దాటేది కాదు. (ఎనిమిది బిట్లు కలిస్తే గాని ఒక బైటు కాదని వచ్చినవారందరికీ వివరించేవాణ్ని, అడిగినవారు ఒక్కరూ లేరు.) మనిషి మాట మోయడానికి వేసిన రాగితీగ, అతుకుల్లో వాననీరు, పైగా ఎక్స్ఛేంజికి దూరం: వేగానికి అవే హద్దులని నా అనుమానం. దాన్ని రుజువు చేయడానికి, నెట్ నడుస్తుండగా లోపలి గదిలో అదే లైనుకున్న ఫోనెత్తి గరగర వినేవాణ్ని. నా ఊపిరి శబ్దం లైన్లోకి పోకుండా రిసీవర్ కింది భాగాన్ని రుమాలుతో మూసేవాణ్ని కూడా. అంతటి జాగ్రత్తపరుణ్ని.

ఒక మధ్యాహ్నం, బీడీలు చుట్టే ఒక అక్క వచ్చింది. భర్త గల్ఫ్‌లో వడ్రంగి. చెయ్యి మిషన్లో పడిందట. "చిన్న దెబ్బేనంటుండు తమ్మీ. ఆయన మాట నేను నమ్మ. ఫోటో పంపుమన్న. చేతికి ఏళ్ళు ఎన్నున్నయో నా కండ్లతోని సూడాలె," అంది. ఆయన మెయిల్లో పంపిన ఫోటో తెరిచాను. చాప విప్పినట్టు పైనుంచి కిందికి దిగసాగింది: రేకుల కప్పు, జుట్టు, ముఖం. "గడ్డం పెంచిండు, ఎవలడగాలె ఈయన్ను!" అని ఆమె అంటుండగా నేను లోపలికి వెళ్ళి గరగర విని వచ్చాను. భుజం దగ్గర ఫోటో ఆగిపోయింది. కనెక్షన్ తెగింది. మళ్ళీ కలిపాను, మళ్ళీ విన్నాను, మళ్ళీ భుజమే. మూడోసారికి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "చెయ్యి లేదు గావచ్చు తమ్మీ, అందుకే వస్తలేదు."

ఎదుటి స్తంభం దగ్గర పనిలో ఉన్న టెలిఫోన్ లైన్‌మన్‌ను (అందరికీ ఆయన తీగలన్న) పిలిచి, లోపం ఆయన తీగదేనని కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన అంతా విని, "లోపలికెందుకు పోతున్నవ్?" అన్నాడు. పరీక్షా విధానం వివరించాను, రుమాలుతో సహా.

"నువ్వు ఫోనెత్తినప్పుడల్లా అది తెగుతున్నది తమ్మీ. నోరు మూస్తే ఏం లాభం? గీ స్టూలు మీద కూసో. చేతులు ఒళ్ళె వెట్టుకో."

మళ్ళీ కలిపి కూర్చున్నాను. భుజం దాటింది. మోచేయి వచ్చింది. తర్వాత తెల్లని కట్టు, కట్టులోంచి వేళ్ళ కొసలు. ఆమె తెర అద్దం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఐదు. "నిజమే చెప్పిండు, పాపం," అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది.

ఆ క్షణాన తీగలన్నకు చేతులెత్తి దండం పెట్టవలసింది. దానికి బదులు, రిసీవర్ ఎత్తితే లైన్లో విద్యుత్తు ఎలా చీలుతుందో అప్పటికప్పుడు ఉపన్యసించాను, అది నేనే కనిపెట్టినట్టు. ఆయన నిచ్చెన భుజాన వేసుకొని కూడా, కదలకుండా, చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్ళకు ఆయన్ని తలచుకుంటే, ఫోటో రప్పించినందుకంటె అలా విన్నందుకే ఎక్కువ రుణపడ్డాననిపిస్తుంది.