మా పాపకు లెక్కలు

మా పాపకు మెదడువాపు జ్వరం వచ్చింది నంద్యాల కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కర్నూలు ఆసుపత్రిలో చేర్పిస్తే బతికి బయటపడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "మెల్లగా కోలుకుంటుంది. ఎంతవరకు అనేది ఇప్పుడే చెప్పలేం" అన్నాడు. మేము మొదటి మాట మాత్రమే పట్టుకుని ఆళ్లగడ్డకు వచ్చేశాం.

మా ఆయన రాతి శిల్పి. రోడ్డు పక్కన షెడ్డు, వెనకనే ఇల్లు. పాప చిన్నప్పటి నుంచీ షెడ్డులో ఆయన పక్కన కూర్చుని కొలతలు చెప్పేది. ఇంత ఎత్తు విగ్రహానికి మొహం ఎంత రావాలి, మోకాలు ఎక్కడ రావాలి అన్నది ఆయన టేపు తీసేలోపే నోటితో చెప్పేసేది. దాన్ని ఇంజనీరు చేయాలని ఆయన కోరిక. కాలేజీకి పోయే బలం దానికి ఇంకా రాలేదు. అందుకని ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేవాళ్లను చూడమని రోజూ నా వెంటబడ్డాడు.

నంద్యాలలో ఒకామె దొరికింది. కాలేజీలో పని మానేసి ఇంటి నుంచే ఫోన్లో పాఠాలు చెబుతోంది. సాయంత్రం ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెడితే, పాప దాని ముందు కూర్చునేది. పాఠం అయ్యేదాకా మా ఆయన రాయి కోసే మిషన్ ఆపేసేవాడు. పనివాళ్లను ఉలి కూడా పట్టనిచ్చేవాడు కాదు. వంటింట్లో ఉన్న నాకు "అర్థమయిందా?" అని ఆమె గొంతు, "అయింది మేడం" అని పాప గొంతు వినిపించేవి.

ఒకరోజు పాఠం అయ్యాక ఆమె నాకు విడిగా ఫోన్ చేసింది.

"పాప పక్కన లేదు గదా అక్కా?"

"లేదు. బయట కూర్చోనుంది."

"ఎట్ల చెప్పాల్నో తెలీడంల్యా. నేను చెప్పింది పాపకు నిలవడంల్యా అక్కా. నిన్న చేసిన లెక్కే ఈ పొద్దు ఇస్తే ఎప్పుడూ చూడనట్ల చూస్తాంది. ఇంటర్ లెక్కలు సరే, భిన్నాలు గూడా పోయినాయి. మళ్లా డాక్టరుకు చూపీండి. పరీక్షలని పాపను తొందరపెట్టాకండి."

పాప ఒకే మాట రెండుమూడుసార్లు అడగడం, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం నేనూ చూస్తూనే ఉన్నాను. నీరసం అనుకుంటూ వచ్చాను.

మా ఆయనకు చెబితే మండిపడ్డాడు.

"ఏందీ, ఆమెకు చెప్పను రాక నా బిడ్డ మీద పెడ్తాందా? ఆమె వద్దు. ఇంకొకర్ని చూడు."

ఈసారి హైదరాబాద్ నుంచి ఒక సారు కుదిరాడు. చాలా హుషారైన మనిషి. లెక్క తనే చేసేవాడు, పాప చూసి రాసుకునేది, "వెరీ గుడ్" అనేవాడు. ఆ మాట వినపడినప్పుడల్లా షెడ్డులో మా ఆయన మొహం వెలిగిపోయేది.

కొత్త విగ్రహానికి రాయి నిలబెట్టిన రోజు, చేతిలో సుద్దముక్కతో ఆయన పాపను పిలిచాడు.

"ఈడికి రామ్మా. ఇది ఐదడుగులు. మొగమెంత రావల్ల?"

పాప రాయి వైపు చూసింది. పనివాళ్లు కూడా చేతులాపి చూస్తున్నారు.

"ఎంత నాయనా?" అని తిరిగి ఆయన్నే అడిగింది.

ఆయన నవ్వాడు. "నేనడిగితే నన్నే అడుగుతాండావా? చెప్పు."

"నాకు తెలీదు నాయనా. ఏమీ తెలీదు. ఆ సారు రాసింది చూసి రాస్తాండా, అంతే. మేడం కనిపెట్టింది. మీరు ఆమెనే తీసేసినారు" అని ఏడుస్తూ నేల మీద కూలబడింది.

ఆయన దాన్ని లేపలేదు. నేనే పోయి లోపలికి తీసుకొచ్చాను.

కర్నూలు డాక్టరు మళ్లీ తలకు ఫోటోలు తీయించి, పోయినదంతా తిరిగి రాకపోవచ్చన్నాడు. పాప పరీక్షలు రాయలేదు. ఇంజనీరింగ్ సీట్లొచ్చిన స్నేహితురాళ్లు స్వీట్లు తెచ్చారు. వాళ్లతో నవ్వుతూనే మాట్లాడింది. వాళ్లు పోయాక ఆ స్వీట్ల పెట్టె తెరవలేదు.

నేను భయం భయంగా నంద్యాల మేడంకు ఫోన్ చేశాను. ఎందుకు మాన్పించారని ఆమె అడగలేదు.

"మూడో తరగతి పుస్తకం తెప్పియక్కా. ఆడి నుంచి చూస్తాం" అంది.

ఇప్పుడు ఎక్కాలు చెబుతోంది. మొన్న పాప ఏడో ఎక్కం చివరిదాకా తప్పు లేకుండా అప్పజెప్పింది. ఫోన్ పెట్టేశాక నా దగ్గరికొచ్చి, "రేపటికి ఉంటాదా మా?" అని అడిగింది.

"ఉంటాదిలే" అన్నాను.

మర్నాడు పొద్దున దాన్ని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సాయంత్రం మేడమే అడిగింది. పాప చాలాసేపు ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. మేడం మళ్లీ ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టింది.