మైకు లేనినాటి శ్రుతి

మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునే పని నాది. నాకు ముందు అది మా అమ్మది. పదేళ్ల కిందట ఆమె గొంతు బొంగురుపోయి పాడటమే మానేసింది. ఇప్పుడు ముందువరసలో కూర్చుని పెదవులు మాత్రం కదుపుతుంది. ఈ ఏడు రెండో చరణానికే నా గొంతు కూడా పట్టేయడం మొదలైంది. నాకు భయం వేసింది. నేనూ అలా పెదవులు కదుపుతూ కూర్చోవాల్సిందేనా? పాట నేర్పేవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాను.

మార్కాపురంలో ఒక సంగీతం మాస్టారు నా పాటను సగంలోనే చెయ్యెత్తి ఆపారు. “ఏడాదిపాటు మీ పాటలన్నీ బంద్. సరళీస్వరాలే పాడాల,” అన్నారు. ఏడాది నేను నోరు మూసుకుంటే ఆదివారం పాట ఎవరు ఎత్తుకుంటారు? గిద్దలూరులో కీబోర్డు నేర్పే ఆయన ఇంకా సులువు చెప్పాడు: “మైకులో ఎకో పెంచుకో అక్కా, ఎవురికీ తెల్దు.” గొంతు పోతున్నది నాకు గానీ మైకుకు కాదని చెప్పి బస్సెక్కాను.

బస్సు దిగి నడుస్తుంటే గొర్రెలు మేపే పెద్దమ్మ కేక వినిపించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న కేకే. రోజంతా అరిచే ఈమె గొంతు ఎందుకు పోదు? ఆ అనుమానం తీరేదాకా ఉండలేక, మరుసటి రోజు పనిగట్టుకుని ఆమె వెంట పోయాను. గుట్ట మీదున్న గొర్రెలకు పెద్ద కేక, దగ్గరున్న వాటికి నాలుకతో చిన్న చప్పుడు, అంతే. నేనెందుకొచ్చానో విని నన్నొక పాట పాడమంది. ఆదివారం ఎత్తుకునే పాటే పాడాను.

“ఎవుర్ని పిలుస్తుండావు పాపా అంత గట్టిగా? నేను ఈడనే ఉండా గదా!” అంది.

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి, ఆ పాటను అంత పై శ్రుతిలో ఎందుకు ఎత్తుకునేదానివని అమ్మనడిగాను.

“అప్పుడు మైకు యాడిది? గంట గూడా లేదు. కందిచేన్లకు పోయినోళ్లకు ఇనపడాలంటే అట్లనే ఎత్తుకోవాల. నా పాట ఇనే వచ్చేవాళ్లు ప్రార్థనకు.”

తర్వాత గంట వచ్చింది, మైకు వచ్చింది. శ్రుతిని కిందికి దించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆమె ఎత్తుకున్నట్టే నేనూ ఎత్తుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

ఆ ఆదివారం పాటను బాగా కిందికి దించి ఎత్తుకున్నాను. కీబోర్డు వాయించే అన్న తడబడ్డాడు. పాస్టరు గారు నాకు జ్వరమేమో అన్నట్టు చూశారు. రెండో చరణం వచ్చింది, నా గొంతు నిలబడింది. అప్పుడు ముందువరస నుంచి ఒక బొంగురు గొంతు నాతో కలిసింది. అమ్మ! సంతోషంలో నాకు పదం తప్పింది, ఆమెకు తప్పలేదు.

బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఇంత కింద గూడా పాడొచ్చంటనే ఈ పాట? పదేండ్లు ఊరికే కూచున్నా గదా,” అంది.