జమ్లి పోగొట్టుకున్న రెండేళ్లు

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట ఒక తండా ఉంది. ఆ తండాలో పూలి అనే ఆమె తన ఆడబిడ్డను, మొగుడి చెల్లెలు జమ్లిని పెంచింది. పెంచింది అనేకంటే, నాలుగేళ్లు చంకన మోసి ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు దారి చూసింది అంటేనే సరిగ్గా ఉంటుంది.

పూలి కాపురానికి వచ్చిన ఏడే అత్త పోయింది. పాలు మరవని పిల్లను తెచ్చి కొత్త కోడలి ఒళ్లో పడుకోబెట్టారు. పూలికి అప్పుడు పదహారో పదిహేడో. భర్త రామ్‌చందర్ మంచివాడే గాని నోట్లో మాట ఉండదు. తర్వాత పూలికి ఒక మగపిల్లాడు పుట్టి నెల తిరగకుండానే పోయాడు. మళ్లీ కడుపు పండలేదు. ఆ దుఃఖమంతా జమ్లి మీద ప్రేమై కూర్చుంది. జమ్లి ఆమెను యాడీ అని పిలిచేది. తండా భాషలో అమ్మా అని.

ఆ పిల్లకు నాలుగేళ్లప్పుడు మొగుడూ పెళ్లాం మధిర వైపు మిర్చి కోతకు పోయారు. పిల్లను ఎవరి దగ్గర వదులుతారు, వెంట తీసుకుపోయారు. చేను గట్టున కూర్చోబెడితే అది పండుమిరపకాయలతో ఆడి, అదే చేత్తో కళ్లు నులుముకుంది. మూడు రోజులు కళ్లు తెరవలేదు. కళ్లు ఉబ్బిపోయి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పూలి ఆ మూడు రోజులూ కూలికి పోకుండా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. వచ్చే ఏడు ఈ పిల్లను మిర్చి చేలోకి తేను అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

జూన్ రాగానే భద్రాచలం వైపున్న ఆశ్రమ పాఠశాలకు తీసుకుపోయింది. అక్కడే ఉండడం, అక్కడే తినడం. ఆరేళ్లు లేకపోతే చేర్చుకోరని ముందు పోయి వచ్చిన వాళ్లు చెప్పారు. సారు జమ్లిని చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి పట్టుకొమ్మన్నాడు. పుట్టిన కాగితాలు లేని పిల్లలకు వయసు చూడడం అట్లానే. జమ్లివి పొడుగు చేతులు. చెవి పట్టుకోవడమే కాదు, గట్టిగా మెలి తిప్పుకుని నవ్వింది.

"ఎన్నేండ్లు?" అన్నాడు సారు.

అయిదు కూడా నిండలేదు. సరిగ్గా ఆరే అంటే అనుమానపడతాడేమోనని పూలి, "ఏడు సారూ" అంది.

సారు లెక్క వేసి 1984 జూన్ ఒకటి అని రాశాడు. ఆ రోజు చేరిన పిల్లలందరూ జూన్ ఒకటినే పుట్టారు. పూలి చేత వేలిముద్ర వేయించుకున్నాడు. పూలి తిరిగి బస్సు ఎక్కేటప్పుడు జమ్లి ఏడవలేదు. గేటు ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడింది. ఏడ్చి ఉంటే దిగి తెచ్చుకునేదాన్ని అని పూలి చాలా ఏళ్లు అనుకుంది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు జమ్లి ఆమెను "భోజాయీ" అంది. భోజాయి అంటే వదిన. ఎవరు ఏమవుతారో హాస్టల్లో పెద్దపిల్లలు నేర్పారట. పూలి అవునే తల్లీ అని తలనిండా నూనె పెట్టింది.

ఆ బళ్లో ఆటల సారు బొజ్జయ్య. కోయవాళ్ల మనిషి, గుండు రాయిలాగా ఉంటాడు. బడికి ఒక ఏడు వాలీబాల్ సామాను రావాలి. వల రాలేదు, బాలు బదులు ఫుట్‌బాల్ వచ్చింది. ఉన్నదానితోనే ఆడదామని ఆయన ఆడపిల్లలకు అదే నేర్పాడు. జమ్లి ఎడమ కాలితో కొట్టేది. అందరికంటే ముందు నిలబడి గోలు కొట్టే చోటును ఫార్వర్డ్ అంటారు. పదో తరగతికి వచ్చేసరికి జిల్లాలో ఆ చోటు జమ్లిదే అయింది. ఆ తర్వాత హైదరాబాదులో స్పోర్ట్స్ హాస్టలు, రాష్ట్రం జట్టు. పేపర్లో ఒకసారి ఫోటో వేశారు. అందులో జమ్లి వీపే కనిపిస్తుంది. పూలి జడ చూసి గుర్తుపట్టింది. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించింది, తీసినప్పుడల్లా కనపడేటట్టు.

2004లో పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలకు ఇండియా క్యాంపు పెట్టారు. ఎంపికలో జమ్లి నాలుగు గోల్స్ కొట్టింది. కాగితాలు చూసే దగ్గర పక్కకు నిలబెట్టారు. వారం తిరక్కుండా బొజ్జయ్య సారు తండాకు వచ్చాడు. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ పుట్టిన తారీఖు ఎవలు చెప్పిండ్రు? కాయితంల ఏడు నెలలు ఎక్కువుందని పిల్లను తీసేసిండ్రు. నాకు చూస్తెనే ఎరుక, ఆ పిల్లకు అంత వయసు లేదు."

"మాకేం ఎరుక సారూ, బడోళ్లే రాసుకున్నరు" అన్నాడు రామ్‌చందర్.

పూలి పొయ్యి దగ్గర కట్టె ఎగదోస్తూ ఉండిపోయింది. ఆ రోజు నోరు తెరవలేదు. ఆ తర్వాత తెరవడానికి అయిదేళ్లు పట్టింది.

జమ్లి మరుసటి ఏడు కలకత్తా పోయింది. అక్కడ ఆడవాళ్ల ఆటకు కూడా జీతమిచ్చే క్లబ్బు ఉంది. గదికి ఆరుగురు. పొద్దున్నే మంచులో పరుగు, మధ్యాహ్నం చేపల కూర, సాయంత్రం ఆట. మొదటి ఏడు చేపల వాసనకు కడుపులో తిప్పేదట, రెండో ఏటికి ముల్లు తీయకుండా నమిలేదట. ఇవన్నీ ఫోనులో చెప్పిన మాటలే. తండాలో సిగ్నలు లేదు. ఏన్కూరులో చిన్నక్క కిరాణా కొట్టుకు ఆదివారం ఫోను వచ్చేది. పూలి పొద్దున్నుంచే అక్కడ బస్తా మీద కూర్చునేది.

"ఏందమ్మో, నీ ఆడబిడ్డ ఫోను చేస్తదని నా కొట్టుకు కాపలా కాస్తవా? కూలియ్యాల్నా నీకు?" అనేది చిన్నక్క.

"నువ్విచ్చే కూలికి నీ బస్తా గూడ లేవదు తియ్యి" అనేది పూలి.

ఫోను వస్తే మాత్రం మాట దొరికేది కాదు. తిన్నవా, పండుకున్నవా అని అడిగాక అయిపోయేది. ఒకసారి మాత్రం అడిగింది.

"గోలు కొట్టిన అంటవు గదనే. అదెట్లుంటదే?"

"వల కదుల్తది భోజాయీ. బాలు పోయి గుద్దితే వల ఎనక్కి పోయి మళ్ల ముందుకొస్తది. గప్పుడు నాకేం ఇనపడదు. మంది ఎంత ఒర్లినా ఇనపడదు."

పూలి ఆ రాత్రి ఇంట్లో దోమతెరను ఒకసారి వేలితో గుద్ది చూసింది. వల వెనక్కి పోయి ముందుకొచ్చింది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

నాలుగు సీజన్లు అట్లా గడిచాయి. ఎడమ మోకాలు రెండుసార్లు వాచింది. క్లబ్బు ఏటికేడు కాగితం రాసుకుంటుంది, కాలు ఆడినన్నాళ్లే. 2009లో ఆటగాళ్లకని ఒక సర్కారు కొలువు పడింది. వస్తే బతికినన్నాళ్లు జీతం, మోకాలికి వైద్యం, ఆడడానికి జట్టు. పరీక్షలో జమ్లి ముందువరసలో నిలిచింది. ఆ ఏడు జూలై ఒకటికి ఇరవై అయిదు దాటకూడదు. కాగితం ప్రకారం నెల దాటింది. పదిహేను రోజుల్లో సరిచేసిన కాగితం తెస్తే చూస్తామన్నారు.

జమ్లి తండాకు వచ్చి బ్యాగు దింపకుండానే, "బడికి పోదాం పా భోజాయీ. ఎవడో గుమాస్తా తప్పు రాసిండు. నువ్వొచ్చి చెప్తే దిద్దుతరు" అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఇప్పుడు చెబుదామని పూలి ప్రతి ఊరు దగ్గరా అనుకుంది. కొత్తగూడెం పోయింది, పాల్వంచ పోయింది. జమ్లి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నిద్రలో కూడా ఆ ఎడమ కాలు కొంచెం కొంచెం కదులుతూనే ఉంది. పూలి ఆ కాలినే చూస్తూ కూర్చుంది.

బడి పెద్దమేడమ్ పాత రిజిస్టరు తీయించింది. బొజ్జయ్య సారు కూడా వచ్చాడు. జుట్టు నెరిసింది. మేడమ్ వేలితో వరస చూపిస్తూ చదివింది. "జమ్లి. వయసు ఏడు. చెప్పినవారు, పూలి, వదిన." పక్కన నీలం వేలిముద్ర. రంగు కొంచెం వెలిసింది గాని గీతలు అట్లాగే ఉన్నాయి.

జమ్లి ఆ ముద్రను చూసింది. తర్వాత పూలి చేతిని చూసింది.

"నువ్వే చెప్పినవా?"

"అవ్."

"నాకెన్నేండ్లు అప్పుడు?"

"అయిదు గూడ నిండలే. తీజ్ పండుగకు బుట్టల గోధుమలు నానబోసిన దినం పుట్టినవ్ నువ్వు. అప్పటికింక రెండు నెల్లు తక్కువుండె."

"ఇండియా క్యాంపు పోయిన్నాడు గూడ నీకు ఎరుకేనా?"

పూలి తల ఊపింది. మేడమ్ మెల్లగా చెప్పింది, రిజిస్టరులో దిద్దడం తన చేతిలో లేదని, కోర్టు నుంచి కాగితం తేవాలని, దానికి నెలలు పడతాయని.

"యాడ వెయ్యమంటె ఆడ వేస్త మేడమ్ వేలు. అబద్ధం చెప్పిన అని రాసుకోండ్రి" అంది పూలి. మేడమ్ రిజిస్టరు మూసింది.

జమ్లి బయటికి పోయింది. మైదానంలో పిల్లలు ఆడుతున్నారు. బొజ్జయ్య సారు వాళ్లను పిలిచి ఈ అక్క ఎవరో చెప్పగానే బాలు తెచ్చి ఆమె ముందు పెట్టారు. జమ్లి చెప్పులు విడిచింది. అట్లా, ఆ రోజు, పూలి ఆమె ఆడడం మొదటిసారి చూసింది.

తన చంకన ఉన్న పిల్ల కాదు ఇది. ఇటు పోతుందని ఎదురొచ్చిన పిల్ల అనుకుంటే జమ్లి అటు పోతుంది. బాలు కాలికి కట్టినట్టే ఉంది. ముగ్గురిని దాటి ఎడమ కాలితో కొట్టింది. పిల్లలు అరిచారు. జమ్లి ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. ఇప్పుడు దీనికి ఏమీ వినపడదు అని పూలికి అర్థమైంది. ఇంత ఆట ఎన్నేళ్లుగా ఎక్కడో దూరాన జరుగుతూ ఉంటే తను బస్తా మీద కూర్చుని తిన్నవా అని అడిగింది. ఇందులో ఇంకా ఎంత ఉండేదో, ఎక్కడిదాకా పోయేదో, అది తన ఒక్క మాటతో తెగింది.

కాసేపటికి జమ్లి మోకాలు పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. పూలి వచ్చి పక్కన కూర్చుంది.

"నా రెండేండ్లు యాడ దాచినవే?" అంది జమ్లి. కోపం లేదు, అలసట ఉంది.

"మిర్చి ఘాటుకు నీ కండ్లు వాచినయే. మూడు దినాలు తెరవలే. మళ్ల తోల్కపోతే పోతయనుకున్న. ఈడైతే బువ్వ పెడ్తరనుకున్న."

"పెట్టిండ్రు" అంది జమ్లి. "బువ్వ పెట్టిండ్రు. బాలు గూడ ఇచ్చిండ్రు." అని మోకాలు మడిచి చూసుకుంది. "గిదానికి ఇంకో ఏడు ఉంటదో ఉండదో. కాయితంల ఇరవై అయిదు, దీనికి నలభై."

గడువు దాటిపోయింది. కొలువు వేరే పిల్లకు పోయింది. జమ్లి ఇంకో సీజను ఆడడానికి కలకత్తా రైలెక్కింది. ఖమ్మం స్టేషనులో మామూలుగానే చెయ్యి ఊపింది. క్షమించానని గాని లేదని గాని చెప్పలేదు. పూలి అడగలేదు.

కాని పూలి ఊరుకోలేదు. ఇప్పుడు దాంతో పనేముందని రామ్‌చందర్ అన్నాడు, లాయరు కూడా అన్నాడు. ఆమె కొత్తగూడెం కోర్టు చుట్టూ తిరిగింది. కాన్పు చేసిన మోతీ ముసలమ్మను రెండుసార్లు బస్సెక్కించి సాక్ష్యం చెప్పించింది. మోతీకి చెవుడు. అడిగినదానికల్లా, "ఈ చేతుల్తోనే పట్టిన, పొడుగు పిల్ల, తీజ్ దినం" అంటూ అదే చెప్పింది. జడ్జి పూలిని అడిగాడు, అప్పుడు అబద్ధమెందుకు చెప్పావని. అందరి ముందూ చెప్పింది పూలి, మిర్చి చేను సంగతి.

చలికాలం నడుమ కాగితం చేతికొచ్చింది. అందులో 1986 ఆగస్టు అని ఉంది. చిన్నక్క చేత అడ్రసు రాయించి రిజిస్టరు పోస్టు చేసింది. మూడో ఆదివారం ఫోను వచ్చింది.

"కాయితం అందింది" అంది జమ్లి. వెనక ఎవరో బెంగాలీలో నవ్వుతున్నారు. "ఇప్పుడు నాకు ఇరవై మూడా భోజాయీ?"

"అవ్ బిడ్డా. ఇరవై మూడే."

"మోకాలికి గిది సదివి ఇనిపించాలె" అని జమ్లి నవ్వింది. "ఎల్లుండి మ్యాచుంది. మొదటి సగం ఆడిస్తమన్నరు."

"ఎన్ని గంటలకే?"

"ఎందుకు, వస్తవా?"

పూలి ఏదో అనబోయింది. అప్పటికే లైను తెగిపోయింది. చిన్నక్క ఫోను చేతిలోంచి తీసుకుంటూ ఏమైందని అడిగితే, "మంగళారం ఆడుతదంట" అని మాత్రం చెప్పింది. అయినా బస్తా మీద నుంచి లేవలేదు. మళ్లీ మోగుతుందేమోనని తండా వైపు పోయే ఆఖరి బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.