సీలు వేసిన గోదాములో మూడో పరికరం

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరి నెలలో, విశాఖపట్నం పోర్టు పక్కనున్న మా కంపెనీ గోదాములకు నన్ను సిస్టమ్స్ డిప్యూటీ మేనేజరుగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ చేతికింద ఒక్క మనిషి లేడు. ఆరు గోదాముల్లో ఏ కంప్యూటర్‌కు నెట్ అందకపోయినా బ్యాగు భుజాన వేసుకుని నేనే వెళ్ళాలి. బొగ్గు ఓడ దిగుమతయ్యే రోజుల్లో కీబోర్డు మీద వేలు పెడితే నల్లగా అంటుకునేది.

నాకు మొదటినుంచీ ఒక మొండితనం ఉంది. తెర మూలన వైఫై గీతలు చూపించే బొమ్మను నేను నమ్మను. అడిగినవాళ్ళందరికీ అంతా బాగుందనే చెబుతుంది. నల్ల తెర తెరిచి, కమాండు టైపు చేసి, సూటిగా ప్రశ్న వేస్తేనే యంత్రం ఉన్నమాట చెబుతుందని నా నమ్మకం. మేడం గారు మంత్రాలు రాస్తున్నారని ఆఫీసులో నవ్వేవాళ్ళు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక నాలుగో గోదాము నుంచి ఫోను వచ్చింది. లోపల మొక్కజొన్న బస్తాలు కప్పుదాకా ఉన్నాయి. వాటికి పురుగు పట్టకుండా ఫ్యూమిగేషన్ చేస్తున్నారు. అంటే బస్తాల మధ్య మందుబిళ్ళలు పెట్టి, తలుపులు మూసి, సందులన్నిటికీ టేపు అంటించి వారం రోజులు వదిలేస్తారు. గాలిలోని తేమ తగిలిన బిళ్ళలు మెల్లగా విషవాయువును వదులుతాయి. మొదటి గంటలో అంతగా ఉండదు, సాయంత్రానికి లోపల ప్రాణి అన్నది మిగలదు. లోపలున్న గ్యాసు మీటరు గంటకోసారి వైర్‌లెస్ మీద బయట హాజరు వేసే టైమాఫీసు కంప్యూటర్‌కు లెక్క పంపాలి. ఆ లెక్క రావడం లేదు.

మనుషుల లెక్క మాత్రం పక్కాగా ఉందని షెడ్ ఇన్‌చార్జి రమణమూర్తి గారు చెప్పారు. లోపలికి వెళ్ళేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఎర్రబోర్డుకు తగిలించి వెళ్ళాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయితే గోదాము ఖాళీ అయినట్టు. ఆరుగురు వెళ్ళారు, బోర్డు మీద ఒక్క బిళ్ళా లేదు, ఆయన సంతకం చేసి సీలు వేయించారు. ఆ ఆరుగురిలో బస్తాలు లెక్కపెట్టే టాలీ క్లర్కు అప్పారావు ఒక్కడే ఇంకా టైమాఫీసు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అతని ముందు రెండు భోజనం క్యారేజీలు మూతలు తీయకుండా ఉన్నాయి. చూశాను, పట్టించుకోలేదు.

కంప్యూటర్ జబ్బు పది నిమిషాల్లో దొరికింది. మా గోదాములన్నిటిలో వైఫై పంచే పెట్టెలకూ ఒకటే పేరు. ఇనుప షట్టరు దించగానే లోపలి పెట్టె సిగ్నల్ తగ్గి, కంప్యూటర్ పక్క గోదాము పెట్టెను పట్టుకుని వేలాడుతోంది. దాన్ని అక్కణ్ణుంచి విడిపించి, మన పెట్టె చిరునామాకే కట్టుబడి ఉండమని ఒక కమాండు ఇచ్చాను. మీటరు లెక్క వచ్చింది. గ్యాసు అప్పుడప్పుడే పుడుతోంది.

అక్కడితో లేచి రావచ్చు. అలవాటు కొద్దీ, పెట్టెకు ఎన్ని పరికరాలు తగులుకుని ఉన్నాయో చూపే కమాండు కూడా కొట్టాను. రెండుండాలి, మీటరూ ఈ కంప్యూటరూ. మూడున్నాయి. మూడోదాని చిరునామా మా రిజిస్టరుతో సరిపోల్చితే అది బస్తాల లేబుళ్ళు చదివే చేతి స్కానర్లలో ఒకటి. ఎవరు ఏ స్కానర్ తీసుకున్నారో రాసే పద్ధతి అప్పట్లో లేదు.

రమణమూర్తి గారు తేలిగ్గా కొట్టిపారేశారు. "స్కానరే కదేటి మేడం. ఎవడో బస్తా మీద మర్సిపోయుంటాడు. వారం పోయాక తీద్దాం."

అప్పారావును అడిగాను. తల ఎత్తకుండా, "అందరం వచ్చీసినాం మేడం," అన్నాడు.

ఇన్‌చార్జి గారి మాటలో తప్పు లేదు. స్కానర్లు మరిచిపోవడం మామూలే. సీలు తెంపాలంటే ఆయన సంతకం కావాలి, నా హోదా అక్కడ చెల్లదు. అయినా మనసొప్పలేదు. తలుపు పక్కన మనిషి ఎత్తున ఒక గాలికిటికీ ఉంది, దానికి ప్లాస్టిక్ పట్టా బిగించి టేపు వేశారు. ఇనుప రేకు సిగ్నల్‌ను ఆపుతుంది గానీ ప్లాస్టిక్ ఆపదు. దానికి నాలుగు గజాల దూరంలో కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆ స్కానర్ మాటలను మాత్రమే వినమని కమాండు ఇచ్చాను. సెకనుకో అంకె రాసాగింది. మైనస్ అరవై అంటే సిగ్నల్ బలంగా ఉందని, మైనస్ ఎనభై అంటే సన్నగిల్లిందని.

అరవై రెండు. అరవై మూడు. డెబ్బై నాలుగు. డెబ్బై ఆరు. మళ్ళీ అరవై రెండు.

మరిచిపోయిన వస్తువు అంకె ఇంచుమించు ఒక్కచోటే ఉండాలి. ఇది పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది. రెండు నిమిషాలు చూసేసరికి అందులో ఒక లయ దొరికింది. ఎవరో తీరిగ్గా ఇటునుంచి అటు వెళ్ళి, తిరిగి వస్తున్నట్టు ఉంది. లోపల నడిచేవాడు తలుపు ఎందుకు కొట్టడం లేదు? ఎందుకు అరవడం లేదు? చెవి రిక్కించి విన్నాను. రేవులో క్రేను చప్పుడు తప్ప ఏమీ లేదు.

రమణమూర్తి గారు మాత్రం నా ముందు పచార్లు చేస్తూ, సీలు తెంపితే తన ఉద్యోగానికి వచ్చే చిక్కులు ఒక్కొక్కటే చెబుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. చెప్పడం మాని వచ్చి చూడండి అన్నాను. ఆయన విసుగ్గా వచ్చి నా కుర్చీ వెనక నిలబడి తెరలోకి వంగారు.

అంకె ఆగిపోయింది.

అరవై రెండు. అరవై రెండు. అరవై రెండు. లోపల ఎవరో ఇప్పటిదాకా నడుస్తూనే ఉన్నారన్నాను. తెరమీద పైకి జరిగిపోయిన పాత అంకెల వరుస ఆయనే చూశారు.

"పడిపోయినాడు," అన్నారాయన చాలా నెమ్మదిగా. తర్వాత సంతకమూ లేదు, రిజిస్టరూ లేదు. షట్టరు దగ్గరికి పోయి టేపును గోళ్ళతో చించడం మొదలుపెట్టారు.

అది చూసి అప్పారావు పరుగున వచ్చాడు. "లోపలున్నోడు మా సింహాచలం, బాబూ. ఎనకాలే వత్తన్నాను, నా బిళ్ళ కూడా తీసీ బావా అన్నాడు. తీసీనాను. జొరం మాత్తర కోసం రైలు లైనేపు గుమ్మంలోంచి ఎల్లీసినాడనుకున్నాను," అంటూ ఏడ్చేశాడు. క్యూలో నిలబడకుండా ఒకరి బిళ్ళ ఒకరు తీసుకోవడం అక్కడ అందరికీ తెలిసిన స్నేహధర్మమట. తెలియనిది సంతకం పెట్టే మాకే.

సిలిండర్ మాస్కులు తగిలించుకుని ఇద్దరు లోపలికి వెళ్ళి, సగం ఎత్తే పేర్చిన చివరి వరుస బస్తాల మీదినుంచి సింహాచలాన్ని దించుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, వాంతులు చేసుకున్నాడు, కానీ ఊపిరి ఉంది. స్కానర్ నడుముకే వేలాడుతోంది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి లేచాడు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను అడిగింది ఒక్కటే, లోపల ఎంతసేపు నడిచావని. అతను నా మొహం వింతగా చూశాడు. "నాను నడవనేదు మేడం. కళ్ళు తిరిగితే తొంగున్నాను. మరి లెగనేదు."

ఆ మాట పది రోజులు నా నిద్ర చెడగొట్టింది. మరి నేను చూసిన నడక ఎవరిది? మళ్ళీ సీలు వేసి మందు పని పూర్తయి గోదాము తెరిచాక, స్కానర్‌ను అదే వరుస మీద పెట్టించి, గాలికిటికీకి పట్టా ఉంచి, షట్టరు దింపించాను. అదే కుర్చీ, అదే దూరం. అంకె అరవై రెండు దగ్గర నిలబడింది. రమణమూర్తి గారిని పిలిచి ఆ రోజులాగే నా ముందు పచార్లు చేయమన్నాను. ఆయన గాలికిటికీకి అడ్డం వచ్చిన ప్రతిసారీ అంకె డెబ్బై దాటింది, పక్కకు వెళ్ళగానే మళ్ళీ అరవై రెండు. మనిషి ఒళ్ళు నీళ్ళతిత్తి లాంటిది, సిగ్నల్‌ను మింగేస్తుంది. ఆ రోజు తెరమీద నడిచింది ఆయనే. నా వెనక్కి వచ్చి నిలబడగానే ఆగిపోయిందీ ఆయనే.

నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాను. బిళ్ళల బోర్డు పోయి, సీలు వేసే ముందు పేరు పిలిచి మొహం చూసే పద్ధతి వచ్చింది. స్కానర్లకూ రిజిస్టరు పెట్టారు.

ఇక నేను నేర్చుకున్నది. ఆ రోజు నేను అంకెను తప్పుగా చదివాను. నా పని నాకు ఇంకాస్త బాగా వచ్చి ఉంటే, రమణమూర్తి గారిని పక్కకు జరగమని, అంకె కదలడం లేదని తేల్చి, స్కానర్ మరిచిపోయారని రాసి, గాజువాక బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.