దమ్మొస్తుందంటే ఏంది?

"సంతకమే కద! పెట్టి పారెయ్యరాదు!" అన్నాను నేను.

"పారేసేదాన్ని సంతకం అనరు అత్తమ్మా" అంది నా కోడలు, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా.

"పన్నెండు పేర్లున్నయి. పది పేర్లకు పెడతవట, రెండు పేర్లకు పెట్టవట. ఆ ఇద్దరు నీకు పగోళ్లా?"

"పగోళ్లయితే ఎప్పుడో పెడుదు. పోయి ఏమన్న చేసుకోండ్రి అందును."

"రెండేండ్లు చదివిండ్రు. పాఠం చెప్పింది నువ్వే. ఇప్పుడు వాళ్లకు రాదంటే తప్పెవరిది?"

"నేను గూడ గదే అడుగుతున్న. తప్పెవరిది?"

ఎదురు మాట్లాడకుండా ఎదురు చెప్పడం నా కోడలికి బాగా వచ్చు. పదిహేనేళ్లుగా చూస్తున్నాను.

రెండోసారి కరోనా జబ్బు సూరత్ మీద పడ్డ రోజులవి. నా కోడలు ముందు నర్సుగా చేసి, తర్వాత ఒక కాలేజీలో పారామెడిక్ కోర్సుకు పెద్ద అయింది. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆసుపత్రి చేరేదాకా ప్రాణం నిలబెట్టే పని నేర్పే కోర్సు అది. అంబులెన్సులకు మనుషులు చాలడం లేదని, చివరి ఏడాది పిల్లల్ని పంపమని కాలేజీకి కబురు వచ్చింది. 'వీళ్లు పనికి తయారు' అని రాసి ఉన్న కాగితంలో ప్రతి పేరు పక్కనా ఆమె సంతకం కావాలి. మరునాడు పొద్దున్నే ఇవ్వాలి.

నేను మూడో తరగతి దాకా చదివాను. మా పంతులు బల్ల ముందు కూర్చుని ఎక్కాలు చెప్పించేవాడు, రాకపోతే గోడకు నిలబెట్టేవాడు. చదువు చెప్పడమంటే అంతే అనుకునేదాన్ని. ఈమె పని అట్లా ఉండేది కాదు. కాలేజీ మూతపడ్డా పొద్దున్నే పన్నెండు మందికీ ఫోను చేసి జ్వరం ఉందా, ఇంట్లో అందరూ తిన్నారా అని అడిగేది. పిల్లలకు పని చూపించడానికి ఆసుపత్రుల గుమ్మాల దగ్గర గంటలు గంటలు నిలబడి బతిమాలేది. కాలేజీలో పాఠానికి వాడే రబ్బరు బొమ్మను తాళం వేసిన గదిలోంచి తీయనివ్వకపోతే, నా కొడుకు పనిచేసే రింగ్ రోడ్ బట్టల దుకాణంలో మిగిలిన చిందీ గుడ్డపేలికలు తెప్పించి, మనిషంత బొమ్మ కుట్టమని నాకు ఇచ్చింది. నా పాత చీర ఒకటి దానికి చర్మమైంది. మా డాబా మీద ఆ బొమ్మ రొమ్ము మీద చేతులు పెట్టి పిల్లలు ఒత్తుతుంటే, ఏ కుట్టు దగ్గర తెగిందో చూసి నేను మళ్లీ కుట్టేదాన్ని. పాత దారంతోనే కుట్టేదాన్ని. బొమ్మకు కొత్త దారం ఎందుకు?

ఆమె సంతకం పెట్టనన్న ఇద్దరిలో ఒకరు మేముండే గోడాదరా పిల్లే, మా వెనక గల్లీలో ఉంటుంది. వాళ్లది యూపీ. తండ్రి బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో పని చేస్తాడు. పరీక్షల్లో ఎప్పుడూ ఆ పిల్లదే మొదటి మార్కు. మా తెలుగువాళ్ల మధ్య పెరిగింది కాబట్టి తెలుగు కూడా మాట్లాడుతుంది. రెండోవాడు ఊరవతల కామ్‌రేజ్ నుంచి వస్తాడు, గుజరాతీ అబ్బాయి. మార్కులు అంతంత మాత్రమే, మాట అసలే తక్కువ. ఇద్దరికీ ఇళ్లల్లో జబ్బు వచ్చి, చివరి పదిహేను రోజుల పాఠం పోయింది.

"వానికి పెట్టకుంటే పెట్టకు" అన్నాను. "ఈ పిల్లకేం తక్కువ? గోడాదరాల సగం మంది మనోళ్లే. తెలుగు వచ్చిన పిల్ల అంబులెన్సు బండిల ఉంటే ఎంత లాభం!"

"లాభమో నష్టమో చూడకుండ నేనెట్ల రాయాలె?"

"అయితే పిలిచి చూడు. నా నెత్తి మీదికి ఎందుకు తెస్తవు?"

ఆమె కలం మూత పెట్టి నన్ను చూసింది. "మంచిది. పిలుస్త. పేషెంటువు నువ్వు."

బొమ్మ మాట్లాడదు కాబట్టి నేను కావాలట.

సాయంత్రం అయిదింటికి డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో మంచం వేసింది. కొత్త దుప్పటి తెస్తే నేను వెనక్కి పంపి, చిరిగినది పరిపించాను. ఆ ఇద్దరూ మాస్కులు, చేతులకు తొడుగులు వేసుకుని వచ్చారు. అబ్బాయిని మెట్ల దగ్గర, మా మాటలు వినపడనంత దూరంలో ఉండమంది. కోడలు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "నీకు ఊపిరి ఆడతలేదు అనుకో అత్తమ్మా. నీ మాటల్లనే చెప్పు. పుస్తకం మాటలు వద్దు."

ఊపిరి ఆడని మనిషి ఎట్లా ఉంటాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఆయన మగ్గాల కార్ఖానాలో ముప్పై ఏళ్లు దూది మింగిన మనిషి. నేను మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీశాను.

పిల్ల చురుగ్గా వచ్చింది. "దాదీ, ఏమైంది? నాకు చెప్పు."

"దమ్మొస్తుంది బిడ్డా. మస్తు దమ్మొస్తుంది."

ఆ పిల్ల కళ్లు మెరిశాయి. "దమ్ వస్తుందా? అరె వాహ్ దాదీ! బహుత్ అచ్ఛా!" అంటూ నా కోడలి సంచిలోంచి వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు తీసి నాకు తగిలించింది. అది వెలగలేదు. అందులోని సెల్లులు నేనే తీసి టీవీ రిమోటులో వేశాను. నెలకోసారి వాడే దానిలో ఊరికే ఎందుకని. ఆ సంగతి అప్పుడు చెబుదామనుకున్నాను గానీ, ఊపిరాడని దాన్ని కదా, మాట్లాడకూడదు. పిల్ల క్లిప్పు పక్కన పెట్టి, కాగితం మీద గబగబా రాసుకుని, నా భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చింది. "ఇప్పుడు లేట్ జావో దాదీ. జర ఆరామ్ చెయ్యి."

నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. దమ్ము వచ్చినవాణ్ణి పడుకోబెట్టడమా! మా ఆయన ఆ చివరి సంవత్సరం రాత్రులన్నీ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. లేచి చెంప మీద ఒకటి వేద్దామనిపించింది. కోడలు కళ్లతోనే ఆగమంది.

"ఏం రాసినవ్ తల్లీ?" అని అడిగింది పిల్లను.

పిల్ల చదివింది. తెలుగులో చెప్పాలంటే: పేషెంటుకు బలం వస్తోంది, పరిస్థితి మెరుగు.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. దమ్ముకు బలమనే హిందీ అర్థం తీసుకుంది, వస్తుందికి తెలుగు అర్థం తీసుకుంది. రెండూ కలిపి నన్ను బాగు చేసేసింది!

"ఏమైంది దాదీ? తప్పా?" పిల్ల బిక్కమొహం వేసింది.

"దమ్మొస్తుందంటే ఊపిరి ఎగబోస్తుందని బిడ్డా. బలం గాదు. నేను చస్తున్న అంటే నువ్వు శెబాష్ అంటివి."

నా కోడలు నవ్వలేదు. "ఆమె ఎట్ల కూర్చున్నదో చూసినవా?" అని అడిగింది.

"చూశాను మేడం. కానీ బలం వస్తుందని చెప్పింది కదా..."

ఆమె ఆ పిల్లను ట్యాంకు అవతల నిలబెట్టి, కామ్‌రేజ్ అబ్బాయిని పిలిచింది. నేను మళ్లీ అట్లాగే కూర్చుని అదే మాట అన్నాను. వాడికి తెలుగులో ఒక్క ముక్క రాదు. నా మాట విని, రెండోసారి అడగలేదు. వంగి నా మెడ వైపు చూశాడు. నా ఊపిరితో పాటు వాడి పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. క్లిప్పు వెలగకపోతే దాన్ని జేబులో పెట్టుకున్నాడు. దిండు మడిచి నా వీపు వెనక పెట్టి, నేను ఎట్లా కూర్చున్నానో అట్లాగే ఉంచి, ఆక్సిజన్ సిలిండర్‌ను దగ్గరికి జరిపాడు. అది ఖాళీదే, పాఠం కోసం తెచ్చింది. అయినా దాని మాస్కు నా మొహానికి పెట్టే ముందు గాలి వస్తోందా అని తన అరచేతికి ఆనించి చూసుకున్నాడు.

వాడు వెళ్లాక కోడలు కాగితం తీసి వాడి పేరు పక్కన సంతకం పెట్టింది. ఆ పిల్ల చూస్తూనే ఉంది. దాని పేరు పక్కన ఏమీ పెట్టలేదు. పిల్ల ఏడవలేదు, "కాలేజ్ ఫస్ట్ నేను మేడం" అని మాత్రం అంది.

"ఎరుకే. ముందు అడగాలె, తర్వాత చూడాలె అని నేనే నేర్పిన. ముందు చూడాలె అని తిప్పి చెప్పాల్సింది. అది నా తప్పు. కానీ నా తప్పుకు బండిల పేషెంటు ఎందుకు పోవాలె?"

దీపాలు పెట్టే వేళకు ప్రిన్సిపాల్ ఫోను చేశారు. వాళ్లు గుజరాతీలో మాట్లాడుకుంటారు. నాకు వచ్చినంత వరకు అర్థమైంది. పన్నెండు మందిని పంపుతామని పైవాళ్లకు చెప్పేశాం, ఇప్పుడు పదకొండంటే బాగుండదు అంటున్నారు. ఆమె కుదరదంది. అయితే ఇంకో సారు పెడతాడు ఆ సంతకం, రేపటి నుంచి కోర్సు కూడా ఆయనే చూసుకుంటాడు అన్నట్టున్నారు. ఆమె సరే రేపు వస్తానని ఫోను పెట్టేసింది.

"అంటే నువ్వు పెట్టకున్నా ఆ పిల్ల బండి ఎక్కుతది" అన్నాను.

"ఎక్కుతది."

"మరి నీ పట్టుదలకు ఫలితం ఏంది?"

ఆమె బీరువాలోంచి తన పాత నర్సు బూట్లు తీసి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది నాకు.

"ఇంట్ల షుగర్ మనిషిని నేనున్న" అన్నాను. "జబ్బు తోలుకొస్తవు."

"ఇంటికి రాను అత్తమ్మా. కాలేజీల రూమున్నది, ఆడనే ఉంట. పది రోజులు."

"నువ్వు పంతులమ్మవే. బండెక్కుడు నీ పని గాదు."

"ఆ పిల్లకు రానిది నేర్పుడు నా పనే కద. క్లాసు బండిలకు మారింది, గంతే."

నేను ఇంకేదో అనబోయి, బూట్ల లేసులు పాతబడి తెగేలా ఉన్నాయని చూసి, రెండు కొత్త లేసులు తెచ్చి ఇచ్చాను.

మరునాడు పొద్దున ఆరున్నరకు ఆమె రెండు జొన్న రొట్టెలు తిని, సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. కాలేజీలో జరిగింది ఆమె ఫోనులో చెప్పగా విన్నాను. పదకొండు పేర్ల పక్కన సంతకాలున్నాయి. పన్నెండో పేరు పక్కన 'ఇంకా నేర్చుకుంటోంది, పని వచ్చేదాకా నేను బండిలో వెంట ఉంటాను' అని రాసి ఇచ్చింది. ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి ఫైలులో పెట్టుకున్నారు. కోర్సు సంగతి ఎత్తలేదు. ఎనిమిదింటికి మా గోడాదరా నుంచే మొదటి పిలుపు వచ్చింది, నాలుగో అంతస్తులో దమ్మొస్తున్న ఒక తెలుగు ముసలాయన. లోపలికి పిల్లే ముందు వెళ్లి, ఏమీ అడగకముందే ఆయన ఎట్లా కూర్చున్నాడో చూసిందట. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టే మెట్లు దించారు.