నవ్వించాలని రాయలేదు

వీధి మలుపులో ఉన్న డ్రైక్లీనింగ్ షాపులో ముందు గది ఆవిడది, వెనక గది ఆయనది. ముందు గదిలో కౌంటరు, రసీదులు, గుండుసూదుల డబ్బా, మాటలు. వెనక గదిలో బట్టలు తిప్పే పెద్ద డ్రమ్ము, ఆవిరి ఇస్త్రీ బల్ల, ముక్కు మండించే మందు వాసన, మౌనం. రెంటికీ మధ్య తలుపు లేదు. ప్లాస్టిక్ కవర్లు తొడిగి వేలాడదీసిన కోట్ల వరసే గోడ. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి పెట్టిన షాపు అది. కూతురు పుట్టడం, పెరగడం, చదువై ఉద్యోగంలో చేరడం, అన్నీ ఆ కోట్లకి అటో ఇటో జరిగిపోయాయి.

ఆవిడకి నోరెక్కువని అందరూ అనేవారు. అంటూనే మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఒకసారి ఓ లావుపాటి గుమాస్తా చొక్కా గుండీ ఊడిందని గొడవకొచ్చాడు. ఆవిడ చొక్కాని వెలుతురుకి పట్టి చూసి, "దీన్ని మేం పీకలేదండీ, మీ పొట్ట తోసేసింది. కుట్టిస్తాన్లెండి, పాపం అది మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది" అంది. గుమాస్తా నవ్వుకుంటూ వెళ్లి, మర్నాడు ఇంట్లో ఉన్న కోట్లన్నీ మూటగట్టి తెచ్చాడు.

షాపు కట్టేశాక ఆ నోరు ఆయన మీదికి తిరిగేది. కొళాయి కారుతున్నా పట్టించుకోలేదనో, చుట్టాలొస్తే పేపరు అడ్డం పెట్టుకున్నాడనో మొదలయ్యేది. "గోడతో మాట్లాడినా కాస్త సున్నం రాలుతుందండీ. మీ దగ్గర అదీ లేదు" అనేది. ఆయన నోరు మెదిపేవాడు కాదు. మెదపకపోవడమే తన గొప్పతనమని ఆయన నమ్మకం. ఇంత దాడిని ఇన్నేళ్లుగా చిరునవ్వుతో భరిస్తున్న మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడని, ఎప్పుడో ఒకప్పుడు లోకం దాన్ని గుర్తిస్తుందని ఆయన లోలోపల అనుకుంటూ ఉండేవాడు.

లోకం గుర్తించింది కానీ ఆయన్ని కాదు. ఒక ఆదివారం అందరూ భోజనాలు చేస్తుండగా ఆవిడ అన్నగారు, "మా చెల్లెలికి భూదేవంత ఓర్పు బావా. ఇన్నేళ్లు నీతో నెట్టుకొచ్చింది" అన్నాడు. అంతా నవ్వారు. కూతురు నవ్వడంతో ఆగక తల కూడా ఊపింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బావగారు పొరపాటున మనుషుల్ని తారుమారు చేశాడేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ సవరించలేదు.

ఆ వారంలోనే ఆయన నవల మొదలుపెట్టాడు.

అంతకుముందు ఆయన రాసిందల్లా కోటు జేబుల్లో దొరికిన వస్తువులకి చీటీలు. అయినా న్యాయం తన వైపున్నప్పుడు రాయడం ఎంత పని అనుకున్నాడు. డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి ఫోన్లో టైపు చేసేవాడు. ఎవరూ పోల్చుకోకుండా డ్రైక్లీనింగ్ షాపుని పటాలకి ఫ్రేములు కట్టే కొట్టుగా మార్చాడు. కథానాయకుడికి తన ఎత్తు కన్నా కాస్త ఎక్కువ ఎత్తు ఇచ్చాడు. భార్యకి మాత్రం ఏదీ మార్చలేదు, శిక్ష పడాల్సింది ఆమెకే కనక. నవల పేరు 'సహనశీలి'.

రాస్తూంటే ఒక ఇబ్బంది ఎదురైంది. నాయకుడు నోరు విప్పితే చాలు, సన్మాన పత్రం చదువుతున్నట్టు ఉండేది. "నా గుండె లోతుల్లో నిశ్శబ్ద సముద్రం ఘోషిస్తోంది" అని ఒకచోట అనిపించి, బాగుందని తనే రెండుసార్లు చదువుకున్నాడు. భార్య మాటలు మాత్రం సొంతంగా కల్పిస్తే అతకడం లేదు. చప్పగా తేలిపోతున్నాయి. అందుకని వినడం మొదలుపెట్టాడు. కోట్ల వెనక నిలబడి, ఇస్త్రీ పెట్టె ఆవిరి వదలకుండా బిగబట్టి, కౌంటరు దగ్గర ఆవిడ ఎవరితో ఏమంటోందో విని ఉన్నదున్నట్టు ఫోన్లోకి ఎక్కించేవాడు. నేరానికి సాక్ష్యం పోగు చేస్తున్నానని ఆయన ఉద్దేశం. భార్య మాటల్ని అంత శ్రద్ధగా వినడం పెళ్లయ్యాక అదే మొదలని ఆయనకి తట్టలేదు. విని విని ఒక్కోసారి నవ్వొచ్చేది. ఆ నవ్వుని బలహీనతగా లెక్కగట్టి, వెంటనే నాయకుడి చేత ఇంకో నిట్టూర్పు విడిపించేవాడు.

పూర్తయ్యాక కూతురికి పంపాడు. పుస్తకాలు బాగా చదివే పిల్ల. మరుసటి ఆదివారం వచ్చి గదిలో తలుపేసుకుని చదవసాగింది. బయట కుర్చీలో కూర్చున్న ఆయనకి లోపల్నుంచి వెక్కిళ్లు వినబడ్డాయి. ఏడుస్తోంది కాబోలు, పోన్లే, ఇప్పటికైనా తండ్రి అర్థమయ్యాడనుకున్నాడు. తీరా కూతురు తలుపు తీసేసరికి కళ్లు తుడుచుకుంటోంది గాని, నవ్వి నవ్వి.

"నాన్నా, నీలో ఇంతుందని నాకు తెలీదు. వీణ్ణి ఏం ఆడుకున్నావు నాన్నా, పాపం."

"ఎవణ్ణి?"

"ఆ సహనశీలిని. ఆ పేరు పెట్టడమే చాలు, నేను అక్కడే పడిపోయాను."

ఆయన నీళ్లు నమిలాడు. తండ్రిది వినయం అనుకుంది కూతురు. తనే ఒక పబ్లిషరుకి పంపింది. ఆ పబ్లిషరు ఫోన్ చేసి, మగవాడి డంబాన్ని ఇంత మెత్తగా ఉతికేసిన పుస్తకం ఈ మధ్య చూడలేదన్నాడు. 'నిశ్శబ్ద సముద్రం' దగ్గర ఆఫీసంతా పనాపేసి నవ్విందన్నాడు. కాదండీ, అది సీరియస్సే అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఈలోగా అవతలివాడు అచ్చు వేస్తామన్నాడు. తెరిచిన నోటితో సరేనన్నాడు.

పుస్తకం వచ్చింది. గ్రంథాలయం మేడ మీద చిన్న సభ పెట్టారు. షాపుకి కోట్లు వేసే కాలేజీ లెక్చరరు గారు ముఖ్య వక్త. లెక్చరరు ప్రసంగం నిండా భార్య పాత్ర గురించే పొగడ్త. ఒక్కో మాట చదివి వినిపిస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. తర్వాత నాయకుడి మీదికొచ్చి, ఆసుపత్రి ఘట్టం తీశారు. అందులో భార్యకి ఆపరేషను జరుగుతుంటుంది. నాయకుడు వరండాలో బల్ల మీద కూర్చుని, ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని, ఇక నన్ను తిట్టేవాళ్లెవరని లోపల్లోపల కుమిలిపోతాడు. ఆమె కళ్లు తెరిచాక మాత్రం, "క్యాంటీన్లో టీ బాలేదు" అంటాడు.

"ఆత్మజాలికి ఇంతకంటే పెద్ద చురక ఉంటుందా" అన్నారు లెక్చరరు. హాలంతా గొల్లుమంది. ఆయన వేదిక మీద కూర్చుని బూట్లు చూసుకున్నాడు. రెండో వరసలో ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ నవ్వడం లేదు.

సభయ్యాక జనం ఆవిడ చుట్టూ మూగారు. ఈ మాటలు మీవేనా అని అడిగారు. "నాకేం తెలుసండీ, రాసింది ఆయన" అంది మర్యాదగా. ఇంటికెళ్లే దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. ఆయనకి మొదట హాయిగా అనిపించింది. ఇంటి మలుపు తిరిగేసరికి ఆ హాయి కాస్త తగ్గింది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ మంచిగా మాట్లాడటం మొదలుపెట్టింది. కౌంటరు దగ్గర "నమస్కారమండీ, సిద్ధంగా ఉందండీ, మళ్లీ రండి" అంతే. పుస్తకం చదివి తిట్లు తినడానికి పనిగట్టుకుని వచ్చినవాళ్లు, కోట్లు ఇచ్చేసి ఇంకాసేపు నిలబడి, ఆవిడ నోట ఏమీ రాక నిరాశగా వెళ్లిపోయేవారు. గుమాస్తా తనే సొంతంగా ఒక గుండీ పీకేసి తెచ్చాడు. "క్షమించండి, మా పొరపాటే అయుంటుంది" అందావిడ. అతను వెనక గదిలోకి తల పెట్టి, "అమ్మగారికి ఒంట్లో బాలేదా" అని అడిగాడు.

ఇంట్లోనూ అంతే. కొళాయి చుక్కచుక్కగా కారుతూనే ఉంది, ఆవిడ దాని కింద గిన్నె పెట్టి ఊరుకుంది. ఏమడిగినా "మీ ఇష్టమండీ" అనేది. ఆయన ఇన్నేళ్లు కోరుకున్న ప్రశాంతత వచ్చి ఇంట్లో తిష్ట వేసింది. దాంతో ఏం చేయాలో ఆయనకి పాలుపోలేదు. పబ్లిషరు రెండో నవల అడుగుతున్నాడు. డ్రమ్ము తిరుగుతోంది, ఫోన్ చేతిలో ఉంది, కోట్ల అవతల ఒక్క చప్పుడు లేదు. నాయకుణ్ణి మాట్లాడిద్దామని చూశాడు. ఇప్పుడు వాడు నోరు తెరిస్తే ఆయనకీ నవ్వొచ్చేస్తోంది.

చివరికి ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కోట్లని పక్కకి జరిపి ముందు గదిలోకి వచ్చాడు. ఆవిడ పూర్తయిన బట్టలకి చీటీలు గుచ్చుతోంది.

"ఇలా మంచిగా మాట్లాడకు, భయమేస్తోంది" అన్నాడు.

"మాట్లాడితే రాసుకుంటారుగా."

"కోపమొచ్చిందా, నీ మాటలన్నీ వాడుకున్నానని?"

"వాటికెందుకు కోపం. వీధిలో అందరి ముందూ అన్నవేగా." ఆవిడ గుండుసూది పళ్ల మధ్య నుంచి తీసి పక్కన పెట్టింది. "ఆసుపత్రిలో నా చెప్పులు పట్టుకుని కూర్చున్నది నిజమేనా?"

ఆయన ఔనన్నట్టు తలూపాడు.

"అంత భయమేసిందా?"

"వేసింది."

"మరి నాకు టీ సంగతి చెప్పారేం? కళ్లు తెరిచి మీ మొహం చూస్తే, ఈ మనిషికి నేనుంటే ఎంత పోతే ఎంత అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. మీరు భయపడ్డారని నాకు అచ్చయ్యాక తెలిసింది, మొత్తం ఊరితో పాటు. అందులోనూ వాళ్లంతా నవ్వారు."

"నేను నవ్వించాలని రాయలేదు. పుస్తకం మొత్తం నిజంగానే రాశాను. నేను చాలా ఓర్పు గలవాణ్ణని చెబుదామని."

ఆవిడ చీటీల కట్ట పక్కకి తోసింది. "ఆ సంగతి మొదటి పేజీలోనే తెలిసింది నాకు. కావాలని వెక్కిరించుకునేంత తెలివి మీకుంటే నేనెందుకండీ ఇన్నాళ్లు గొంతు చించుకోవడం" అంది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం కొళాయి గురించి ఆవిడ అందుకుంటే, పేపరు పక్కన పెట్టి, "వాషరు అరిగిపోయింది. ఎలా మార్చాలో నాకు రాదు, అడిగితే నవ్వుతారని ఊరుకున్నాను" అన్నాడు. ఆవిడ తిట్టడం మధ్యలో ఆపి, "ఇది ముందే ఏడవచ్చుగా" అంది. ప్లంబరు వచ్చి బాగుచేసి వెళ్లాడు.

తర్వాత లెక్చరరు గారు కాలేజీకి పిలిచారు. పిల్లలకి రచన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈసారి దాచకూడదని ఆయన నిశ్చయించుకుని వెళ్లాడు. లేచి నిలబడి, "చూడండి బాబూ, నేనెవర్నీ వెక్కిరించలేదు. ఆ నాయకుణ్ణి నేనే. వాడు మహానుభావుడని నమ్మే రాశాను. వాడెలాంటివాడో మీరు నవ్వాక తెలిసింది నాకు" అన్నాడు. ఆ వెంటనే హాలు చప్పట్లతో మారుమోగింది. లెక్చరరు గారు కళ్లు తుడుచుకుంటూ, ఎంత లోతైన హాస్యం, పాత్రలోంచి బయటికి రాకుండా మాట్లాడుతున్నారు చూడండి అన్నారు. ఒక అమ్మాయి లేచి, మనుషుల్ని ఇంతగా అర్థం చేసుకోవడానికి ఏం చేయాలని అడిగింది. ఆయన తల గోక్కుని, "ఇంట్లో ఎవరైనా అరుస్తుంటే కాస్త వినండి, ఏదో చెబుతూంటారు" అన్నాడు. అది ఎవరూ రాసుకోలేదు.

రెండో నవల ముందుకు సాగడం లేదు. సాగడం లేదన్న బెంగ కూడా ఆయనకి పెద్దగా లేదు. ఈమధ్య ఆవిడ అన్నగారి మనవరాలికి జ్వరమొస్తే తోడుగా ఉండటానికి వెళ్లింది. ఆయన ఒక్కడే ముందు గదిలో కూర్చున్నాడు. వచ్చినవాళ్లతో చమత్కారంగా మాట్లాడబోయి, ఒక పెద్దమనిషికి కోపం తెప్పించాడు. మధ్యాహ్నం వీధి ఖాళీగా ఉంటే ఆవిడకి ఫోన్ చేశాడు.

"ఏం తగలబెట్టారు?" అంది ఎత్తగానే.

"ఏమీ తగలబెట్టలేదు."

"మరెవరికి ఎవరి కోటు ఇచ్చేశారు?"

"అన్నీ సరిగ్గానే ఇచ్చాను. ఊరికే చేశాను."

పెట్టేసిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఊరికే అంటే?" అంది ఆవిడ అనుమానంగా.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏం చెప్పాలో తెలియకపోయినా చెప్పడం మొదలుపెట్టాడు.