పలుకు రాజ్మా పెళ్ళిచూపులు

మా అక్కను చూడవచ్చిన పెళ్ళివారిని భోజనం పెట్టి మరీ మంచం పట్టించిన ఘనత నాది. ఆ వైభోగమంతా చెబుతాను, కడుపు పట్టుకుని వినండి. ఆ రోజు మేమూ అలాగే పట్టుకున్నాం.

అప్పట్లో నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో కొత్తగా చేరాను. ఫోన్లో పోషకాహారం వీడియోలు చూసి, గుణదలలోని మా వంటింటికి నన్ను నేనే ఇన్‌స్పెక్టరుగా వేసుకున్నాను. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, పప్పుల్లో ఫైటేట్లు ఇనుమును ఒంటబట్టనివ్వవు. ఇవేవీ అబద్ధాలు కావు. కాకపోతే నా ధాటికి మా నాన్న పాలకూర కట్టను కేసున్న మనిషిని చూసినట్టు చూసేవారు.

పామర్రు నుంచి పెళ్ళికొడుకు, వాళ్ళ అమ్మానాన్నలు వచ్చే రోజున రాజ్మా కూర నేనే చేస్తానన్నాను.

"కుక్కర్లో పెట్టవే," అంది అమ్మ.

"విటమిన్లు పోతాయమ్మా. రాత్రంతా నానబెట్టి నీళ్ళు పారబోశాను. సన్నసెగ చాలు."

గింజ పలుకు మీద ఉండగానే దించాను. రాజ్మాను బాగా మరిగించకపోతే అందులోని లెక్టిన్ అనే విషపదార్థం కడుపును తలకిందులు చేస్తుందని వీడియో చివర్లో చెప్పారట. నేను అంతదాకా చూడలేదు.

నాన్న ప్రార్థన చేశాక అందరూ భోజనానికి కూర్చున్నారు.

"గింజ కాస్త గట్టిగా ఉందమ్మా," అన్నారు పెళ్ళికొడుకు తల్లి.

"అలా ఉంటేనే బలమండీ," అని ఇంకో గరిటె వేశాను. పాపం, మర్యాదస్తురాలు, అదీ తినేశారు.

పెళ్ళి మాట ఎత్తేసరికి పెళ్ళికొడుకు నాన్నగారు లేచి బాత్రూంలోకి వెళ్ళారు. ఆయన బయటికి వచ్చేలోగా తలుపు ముందు రేషన్ షాపంత వరస తయారైంది. అందులో నేనూ ఉన్నాను. పెళ్ళికొడుకు వరసలో ఆగలేకపోయాడు. బెరుకుతో ముద్ద ముట్టని అక్క ఒక్కతే నిలబడి అతనికి బకెట్ పట్టింది, అందరికీ ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చింది. మధ్యలో నా దగ్గరికి వచ్చి, "నా పెళ్ళి చెడగొట్టావు కదే," అంది. ఆ మాటకి కడుపునొప్పి కూడా మరిచిపోయాను.

సాయంత్రానికి అందరూ తేరుకున్నారు. పెళ్ళికొడుకు నాన్నగారు నీరసంగా అడిగారు.

"ఆ కూర పెద్దమ్మాయి చేసిందాండీ?"

"కాదండీ, చిన్నది," అన్నారు నాన్న, నన్ను అప్పగిస్తూ.

పెళ్ళికొడుకు గోడకు ఆనుకునే అన్నాడు: "నాన్నా, బకెట్ పట్టుకున్నమ్మాయి నాకు నచ్చింది."

"మాకూ ఇష్టమేనండీ," అన్నారు వాళ్ళ నాన్నగారు. "ఒక్కటే షరతు. పెళ్ళి వంటల దగ్గరికి మీ చిన్నమ్మాయిని రానివ్వకండి."

అందరి ముందూ లేచి నిలబడి ప్రమాణం చేశాను: రాజ్మా గింజ నా వేళ్ళ మధ్య వెన్నలా నలిగేదాకా, ఆరోగ్యం అన్న మాట నా నోట రాదు.